ఆరుద్ర పురుగు, వాన కూతురు: తడిలో బతికే చిన్న ప్రాణుల పాఠం ఎలా చెప్పాలి?

కిందటేడు రెండో స్థాయి పిల్లలకు బొమ్మల కార్డులతో పాఠం చెబుతున్నాను. పుట్టగొడుగు బొమ్మ చూపించి పేరు చెప్పగానే ఎనిమిదేళ్ల బాబు ఒకడు చెయ్యెత్తాడు. "టీచర్, పొట్టకి గొడుగెందుకు?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికెళ్లి ఆలోచిస్తే ఆ ప్రశ్నలో తప్పేమీ కనిపించలేదు. ఫర్వానియాలో పుట్టి పెరిగిన పిల్లాడు. గొడుగు తెలుసు, పుట్ట తెలీదు. తెలిసిన పొట్టతో సర్దుకున్నాడు.

పుట్టగొడుగు ఒక్కటే కాదు. పాచి, బూజు, నాచు, నత్త, వానపాము, ఉసిళ్లు, రోకలిబండ, ఆరుద్ర పురుగు. ఈ మాటలన్నీ వానాకాలపు మాటలు. మనం వాటిని ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాం, ఎందుకంటే అవి మన గుమ్మం ముందే ఉండేవి. మన పిల్లలకు వాటిని కార్డు మీద చూపిస్తే పరీక్ష దాకా గుర్తుంటాయి, తర్వాత పోతాయి. అందుకే ఈ పాఠానికి ఒకటే నియమం పెట్టుకుందాం: ముందు చూపించండి, తర్వాత పేరు చెప్పండి.

"కువైట్‌లో ఏం చూపిస్తాం, ఇక్కడ వానే లేదు కదా" అని మీరు అడగొచ్చు. హైదరాబాదులో ఏడాదికి 800 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడితే, ఇక్కడ 120 మిల్లీమీటర్లు పడితే గొప్ప. 2016 జులై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీల వేడి నమోదైంది. అయినా ఇక్కడ తడి లేదనడం సరికాదు. ఉంది, కాకపోతే కొద్దిచోట్ల, కొద్దిరోజులు ఉంటుంది. ఆ కొద్దిరోజుల కోసం కాచుకుని కూర్చునే ప్రాణులు చాలా ఉన్నాయి. ఎక్కడ, ఎప్పుడు వెతకాలో తెలిస్తే చాలు.

మొదటి తరగతి: తడి, చెమ్మ, తేమ

ప్రాణుల దగ్గరికి వెళ్లేముందు ఈ మూడు మాటలు చేతికి తెలియాలి. ఇంగ్లీషులో ఆలోచించే పిల్లలు మూడింటికీ "తడి" అనేస్తారు. నీళ్లలో ముంచి తీసిన గుడ్డ ఒకటి, పిండి ఆరబెట్టాక ఇంకా పూర్తిగా ఆరని గుడ్డ ఒకటి తీసుకెళ్లండి. పిల్లల చేత ముట్టించండి. మొదటిది తడి, రెండోది చెమ్మ. మరి తేమ? చల్లటి నీళ్ల సీసా బల్ల మీద పెట్టండి. అయిదు నిమిషాల్లో బయటివైపు నీటి బొట్లు వస్తాయి. "ఈ నీళ్లు సీసాలోంచి రాలేదు, మరి ఎక్కడినుంచి వచ్చాయి?" అని అడగండి. గాలిలోంచి అని వాళ్లే చెబుతారు. గాలిలో కనపడకుండా ఉన్న ఆ నీరే తేమ. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆగ్నేయం నుంచి వీచే గాలిని ఇక్కడివాళ్లు కౌస్ అంటారు. ఆ రోజుల్లో కళ్లద్దాలకు ఆవిరి పట్టడం, ఉక్కపోత అన్నీ తేమ పనే.

ఇప్పుడు పిల్లల్ని బిల్డింగు పక్కకు తీసుకెళ్లండి. ఏసీ పైపు లోంచి నీళ్లు కారేచోట గోడ మీదో నేల మీదో పచ్చటి పొర కనిపిస్తుంది. అదీ గాలిలోని తేమే. చల్లటి తీగల మీద బొట్లుగా మారి పైపులోంచి కారుతోంది. ఎండాకాలమంతా ఆగకుండా కారుతుంది కాబట్టి ఆ నాలుగంగుళాల మేర మాత్రం ఎప్పుడూ తడే. పచ్చటి పొర పేరు పాచి. భూతద్దంతో చూపించి, "కాలేస్తే ఏమవుతుంది?" అని అడగండి. జారుతుంది. "పాచి పట్టిన మెట్ల మీద జాగ్రత్త" అని అమ్మమ్మ ఎందుకంటుందో అప్పుడు అర్థమవుతుంది. పెద్ద పిల్లలకైతే పాచిమొహం, పాచిపళ్లు అనే మాటలు కూడా చెప్పండి. రాత్రంతా పళ్ల మీద పేరుకున్న పొర కూడా పాచే.

ఒకే రకం పురుగుకు రెండు పేర్లు

మన ఊళ్లలో తొలకరి పడ్డాక ఎర్రటి ముఖమల్ గుడ్డ ముక్కలా నేల మీద పాకుతూ ఆరుద్ర పురుగు కనిపిస్తుంది. ఆరుద్ర కార్తె జూన్ 21 లేదా 22న మొదలవుతుంది. ఆ రోజుల్లో కనిపిస్తుంది కాబట్టి దానికా పేరు. కనిపిస్తే వానలు బాగా పడతాయని, విత్తనాలు వెయ్యొచ్చని రైతులు సంబరపడతారు. సంస్కృతంలో ఇంద్రగోపం అన్నదీ దీన్నే. పురుగు అంటున్నాం కానీ కాళ్లు లెక్కపెడితే ఎనిమిది ఉంటాయి, అంటే ఇది సాలీడుకు చుట్టం. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉంటుంది. వానకు నేల మెత్తబడ్డాక జత కోసం, తిండి కోసం బయటికొస్తుంది. చెదపురుగులు దానికి ఇష్టమైన తిండి.

దీని దగ్గరి చుట్టం అరేబియా ఎడారిలోనూ ఉంది. వాన పడ్డాక ఇసుక మీదికి అలాగే ఎర్రగా వస్తుంది. ఇక్కడి అరబ్బులు దాన్ని బింత్ అల్ మతర్ అంటారు. అంటే వాన కూతురు. మనవాళ్లు కార్తె పేరు పెట్టారు, వీళ్లు వాన పేరు పెట్టారు.

అక్కడితో ఆగకండి. మన కార్తెలు 27, ఒక్కోటి 13 లేక 14 రోజులు. అరబ్బుల పాత లెక్కలో 28 నక్షత్రాలు, ఒక్కోటి దాదాపు 13 రోజులు. ఎడారి వానలకు ముఖ్యమైన కాలాన్ని వస్మ్ అంటారు. అక్టోబరు 16 ప్రాంతంలో మొదలై డిసెంబరు మొదటి వారం దాకా, నాలుగు నక్షత్రాలు, 52 రోజులు. బోర్డు మీద ఒకవైపు మృగశిర, ఆరుద్ర, ఇంకోవైపు వస్మ్ రాసి చూపించండి. "మా అవ్వ దగ్గర ఉన్న లెక్కలాంటిదే మా అరబ్బీ టీచర్ దగ్గరా ఉంది" అని పిల్లలు తెలుసుకోవడం చిన్న విషయం కాదు. తెలుగంటే ఊళ్లో వదిలేసి వచ్చిన పాత సామాను అనుకునే పిల్లలకు, అది ఇక్కడి నేలను చూడటానికి కూడా పనికొస్తుందని తెలుస్తుంది.

పుట్టగొడుగు, ఫగా

ఇప్పుడు ఆ బాబు ప్రశ్నకు జవాబు. పుట్ట కట్టేది పాము కాదు, చెదలు. పాము తర్వాత వచ్చి చేరుతుంది. నాగులచవితికి పుట్టలో పాలు పోయడం వీడియోలో చూసిన పిల్లలుంటారు, అక్కడినుంచి మొదలుపెట్టండి. చెదపురుగులు ఆకులూ పుల్లలూ నమిలి, పుట్ట లోపల తేనెపట్టులాంటి దిమ్మెలు కట్టి, వాటి మీద ఒక శిలీంధ్రాన్ని పెంచుతాయి. అంటే వ్యవసాయం చేస్తాయి. మంచి వానలు పడ్డాక ఆ శిలీంధ్రమే పుట్టను చీల్చుకుని గొడుగులా పైకొస్తుంది. పుట్ట మీద గొడుగు, పుట్టగొడుగు. ఎక్కడినుంచి వస్తుందో, ఎలా ఉంటుందో రెండూ ఆ పేరులోనే ఉన్నాయి. కొన్ని ఇళ్లల్లో పుట్టకొక్కు అంటారు, అదీ రాయించండి. తొలి వానల సాయంత్రాల్లో దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్లు కూడా ఆ పుట్టలోంచి వచ్చిన రెక్కల చెదలే. "పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి" అనే మాట పేపర్లో చదివినప్పుడు ఇకమీదట పిల్లలకు బొమ్మ కనిపిస్తుంది.

ఆకుకు ఉండే పచ్చదనం శిలీంధ్రానికి లేదు. తన తిండి తాను వండుకోలేదు. చచ్చిన కర్రనో, ఆకునో కరిగించుకుని తాగుతుంది, లేదంటే బతికున్న మొక్క వేరుతో ఒప్పందం చేసుకుంటుంది. ఈ రెండో రకానికి మంచి ఉదాహరణ కువైట్‌లోనే ఉంది: ఫగా. ఇది ఎడారి నేలలో, రగ్రూగ్ అనే చిన్న పొదల వేళ్లను పట్టుకుని పెరిగే శిలీంధ్రం. వేరు దీనికి చక్కెర ఇస్తుంది, ఇది వేరుకు నీళ్లూ లవణాలూ అందిస్తుంది. వస్మ్‌లో వాన సరిగ్గా పడితే జనవరి చివరినుంచి మార్చి దాకా నేల కింద బంగాళదుంపలా ఊరుతుంది. నేల చిన్నగా ఉబ్బి నెర్రె ఇస్తుంది. తెలిసినవాళ్లు ఆ నెర్రె చూసి తవ్వుతారు. గొడుగు ఉండదు, కాడ ఉండదు. విత్తనాల్లాంటి దాని బీజాలు గాలికి ఎగరవు, వాసన పట్టి తవ్వుకుతినే జంతువులే మోసుకుపోతాయి. తెల్లటి రకం పేరు జుబైదీ. ఆ మాట వింటే మనకు చందువా చేప గుర్తొస్తుంది, ఇక్కడ రెండింటికీ అదే పేరు.

ఉరుములు ఉరిమితే ఫగా బాగా వస్తుందని బెదూయిన్లు చెబుతారు. ఉరుములకు పుట్టగొడుగులు లేస్తాయని మన పల్లెల్లోనూ అంటారు. ఉరుము వచ్చే వాన గట్టి వాన, గట్టి వానకు నేల లోతుగా తడుస్తుంది. అంతవరకు ఇద్దరి మాటలోనూ పస ఉంది.

తరగతిలో చెయ్యడానికి: సూపర్‌మార్కెట్‌లో దొరికే తెల్ల బటన్ పుట్టగొడుగుల్లో, కింద పొర విచ్చుకుని ముదురు రంగు రేకులు కనిపించేవి ఏరండి. కాడ తీసేసి, గొడుగును బోర్లా తెల్ల కాగితం మీద పెట్టి, గ్లాసు మూసి రాత్రంతా ఉంచండి. పొద్దున గొడుగు తీస్తే ముదురు గోధుమరంగులో చక్రంలాంటి అచ్చు ఉంటుంది. ఆ పొడిలో ప్రతి రేణువూ ఒక బీజం.

నడిచే బూజు

పిల్లలకు స్లైమ్ బొమ్మ తెలుసు. "ప్రాణమున్న స్లైమ్ చూస్తారా?" అని మొదలుపెట్టండి, ఇక మిమ్మల్ని వదలరు. స్లైమ్ మోల్డ్‌కు ఇళ్లల్లో వాడే తెలుగు పేరు విడిగా లేదు, చూసినవాళ్లు బూజు అనే అంటారు. మనం తరగతిలో జిగురుబూజు అందాం. నిజానికి ఇది బూజు కాదు. శిలీంధ్రమూ కాదు, మొక్కా కాదు, జంతువూ కాదు. అమీబాల బంధువు. కుళ్లిన కర్ర మీద, తడి ఆకుల కింద పసుపుగానో తెల్లగానో వలలా పరుచుకుని, మెల్లగా కదులుతూ బాక్టీరియాను తింటుంది. వేగం గంటకు సుమారు సెంటీమీటరు. అరచెయ్యంత వల కూడా ఒకటే కణం, లోపల కేంద్రకాలు మాత్రం లక్షల్లో ఉంటాయి.

దీనికి మెదడు లేదు. అయినా 2000లో జపాన్‌లో నకగాకి బృందం చిక్కుదారుల పలకలో రెండు కొసలా ఓట్స్ కలిపిన తిండి పెడితే, దగ్గరి దారి వెంబడి మాత్రమే నిలిచి మిగతా దారులు వదిలేసింది. 2010లో టోక్యో చుట్టుపక్కల ఊళ్లున్న చోటల్లా ఓట్స్ పెడితే, అది అల్లుకున్న వల అక్కడి రైలు మార్గాల పటంలాగే వచ్చింది.

మనకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. తడి ఆరిపోతే జిగురుబూజు గట్టి పెళ్లలా ఎండి నిద్రపోతుంది, లేదా ఆవగింజకన్నా చిన్న కాయలు కాసి బీజాలు వదిలేస్తుంది. మళ్లీ తడి తగిలితే మేలుకుంటుంది. అందుకే ఎడారి చెట్ల బెరడు మీద కూడా ఇవి ఉన్నాయి, మనకు కనపడవంతే.

తడిపెట్టె

నిద్రపోతున్న వాటిని లేపే పద్ధతి ఒకటుంది. 1933లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం నుంచి గిల్బర్ట్, మార్టిన్ అనే ఇద్దరు దాన్ని ప్రచురించారు. శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఎడారుల్లో అదే వాడుతున్నారు. మన దగ్గర పది నిమిషాల పని.

1. మూత ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. అడుగున టిష్యూ కాగితం రెండు మూడు పొరలు పరవండి.
2. రాలిన బెరడు ముక్కలు, ఎండిన ఆకులు, ఖర్జూరపు మట్ట పీచు తెచ్చి ఒకదాని మీద ఒకటి పడకుండా పేర్చండి. చెట్టునుంచి ఊడబీకొద్దు. ఒక్కో డబ్బాకు ఒక్కో చెట్టు సరుకు, మూత మీద చెట్టు పేరు, తేదీ తెలుగులో.
3. ముక్కలు మునిగేలా తాగేనీళ్లు పోసి ఒక రోజు ఉంచండి. మర్నాడు మిగిలిన నీళ్లు వంచేసి మూత పెట్టండి.
4. వెలుతురు ఉండి ఎండ పడని చోట, గదిలోనే పెట్టండి. మూడు నాలుగు వారాలు రెండ్రోజులకోసారి మూత మీదినుంచి భూతద్దంతోనో ఫోన్ కెమెరాతోనో చూడండి.

మొదటి వారంలో దూదిలాంటి బూజు వస్తుంది. తర్వాత సన్నటి తెల్లటి పురుగులు కదలొచ్చు. అదృష్టముంటే రెండో వారం తర్వాత ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తున, గుండుసూదుల్లా కాడమీద తలలున్న జిగురుబూజు కాయలు కనిపిస్తాయి. కిందటేడు మేం నాలుగు డబ్బాలు పెడితే ఒక్కదాంట్లోనే వచ్చాయి, అదీ పార్కులో రాలిన పాత బెరడులో. మిగతా మూడింటి పిల్లలు నిరాశపడ్డారు. "ఏమీ రాలేదు" అని రాయడం కూడా పరిశీలనే అని ముందే చెప్పి ఉండాల్సింది, నేను చెప్పలేదు. మీరు చెప్పండి.

ప్రతిసారీ రెండు వాక్యాలు రాయించండి: ఏం మారింది, ఏ రంగు. "మొలిచింది, పాకింది, పరుచుకుంది, ముడుచుకుంది, ఎండిపోయింది" అనే క్రియలు బోర్డు మీద ఉంచండి. ఈ వయసులో మన పిల్లలకు పేర్లకన్నా క్రియలే కరువు.

గెంతే చేప

మార్చి, ఏప్రిల్ నెలల్లో వీలైతే ఒక శుక్రవారం సులైబిఖాత్ వైపు తీరానికి, నీళ్లు వెనక్కి తగ్గిన వేళ చూసుకుని వెళ్లండి. బురద మీద కళ్లు పైకి పొడుచుకొచ్చిన చేపలు గెంతుతుంటాయి. ఇక్కడివాళ్లు వాటిని బూ శలంబూ అంటారు. నోట్లో, మొప్పల దగ్గర నీళ్లు నిలవ ఉంచుకుని, తడి చర్మంతో కూడా ఊపిరి పీల్చుకుంటాయి. చర్మం ఆరకుండా బురదలో పొర్లుతాయి. వాటిలో ఒక రకం నోటితో బురద తెచ్చి చుట్టూ చిన్న గోడ కట్టుకుంటుంది. ఆటు వచ్చి సముద్రం వెనక్కిపోయినా గోడ లోపల నీళ్లు నిలుస్తాయి. మనం మడికి గట్టు వేసినట్టే. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లోనూ ఇలా గెంతే చేపలున్నాయి. గోదావరి జిల్లాల తల్లిదండ్రులుంటే ఆ రోజు వాళ్ల చేతే మాట్లాడించండి.

జాగ్రత్తలు, తప్పనిసరిగా

బయట మొలిచిన ఏ పుట్టగొడుగునూ ఎవరూ నోట్లో పెట్టకూడదు. విషం ఉన్నదీ లేనిదీ రంగు చూసి, వెండి గరిటె పెట్టి తేల్చవచ్చన్న మాటలు నమ్మకండి. ఉడకబెట్టినా పోని విషాలున్నాయి. ముట్టుకుంటే చేతులు కడగాలి.

తడిపెట్టె మూత తరగతిలో తియ్యొద్దు. ఉబ్బసం, అలర్జీ ఉన్న పిల్లలెవరో ముందే అడిగి తెలుసుకోండి. వాళ్లు ఫొటోలు చూసి రాస్తే చాలు. పని అయ్యాక డబ్బాను అలాగే సంచిలో కట్టి పారెయ్యండి.

ఎడారిలో 1990-91 యుద్ధం నాటి పేలని మందుగుండు ఇంకా దొరుకుతోంది. గట్టి వానకు ఇసుక కొట్టుకుపోతే పైకి తేలుతుంది. ఫగా వెతకడానికని పిల్లల్ని తీసుకుని ఎడారిలోకి వెళ్లకండి, సీజన్‌లో మార్కెట్లోనే చూపించండి. శీతాకాలం క్యాంపుకు వెళ్లినా, నేల మీద ఇనుప వస్తువేది కనపడినా ముట్టుకోకుండా పెద్దవాళ్లకు చెప్పాలని పిల్లలకు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చెప్పండి. సముద్రపు బురదలోకి దిగొద్దు, కాలు కూరుకుపోతుంది. గట్టుమీదినుంచే చూడాలి. ఏ ప్రాణినీ పట్టి తేవొద్దు.

తల్లిదండ్రులకు ఒక మాట

మన పిల్లలు జులై, ఆగస్టుల్లో ఊరెళతారు. అది సరిగ్గా వానాకాలం. ఈ పాఠంలో ఉన్నవన్నీ ఆ రెండు నెలల్లో ఇంటి వెనకే ఉంటాయి. అప్పుడేమో పెళ్లిళ్లు, షాపింగులు, ఆధార్ పనులు. మిగిలిన టైములో "బురద, బయటికెళ్లకు" అంటాం. నేనూ అన్నాను. ఈసారి ఒక్క పొద్దున, వాన వెలిశాక, పిల్లల్ని తాతగారితో పెరట్లోకి పంపండి. ఏది కనిపిస్తే అది చూపించమనండి.

ఊరెళ్లడం కుదరకపోతే ఫోన్ ఉంది. అమ్మమ్మనో, జేజినో, నాయనమ్మనో పిల్లలే అడగాలి: వాన పడ్డాక మీ ఇంటి దగ్గర ఏమేం వస్తాయి? వాటిని మీరేమంటారు? చిన్నప్పుడు వాటితో ఏం ఆడేవాళ్లు? మన బడిలో కడప వాళ్లున్నారు, రాయచోటి వాళ్లున్నారు, గోదావరి వాళ్లున్నారు. ఒకే పురుగుకు మూడు పేర్లొస్తే మూడూ రాయండి, ఒకటి ఒప్పు, రెండు తప్పు అనకండి. సెప్టెంబరులో ఆ కాగితాలు తీసుకొస్తే గోడకు అంటిద్దాం.

కిందటేడు ఆ బాబు ఆగస్టు చివర్లో తిరిగొచ్చాక నాకొక ఫొటో చూపించాడు. ఊళ్లో చింతచెట్టు కింద పుట్ట, పక్కన వాళ్ల తాత. "టీచర్, గొడుగు రాలేదు. తాత మళ్లీ వాన పడితే వస్తుందన్నాడు" అన్నాడు. టీచర్ అన్న పిలుపు తప్ప ఆ మాటల్లో ఎక్కడా ఇంగ్లీషు లేదు.